కుడి పక్క

గ్రీమ్స్‌పేటలో జిరాక్సు అంగడి మీద మేడగది.
కింద మిషను వెలిగినప్పుడల్లా
నా ఫ్యాను ఒక్క క్షణం తడబడుతుంది.
అక్కడ కూర్చుని చెంగల్రాయులు గారి మామిడి నర్సరీకి
సైట్ కడుతున్నాను.
పదకొండు పేజీలు,
ప్రతి పేజీకీ కుడి పక్కన సన్నటి పట్టీ.

మొదట ఆయన అడిగింది తేలిక.
"యా పేజీ తెరిచినా పక్కన ఈ పొద్దు రేటు కనపడల్ల పాపా.
రైతుకు కావాల్సింది అదే."
తల్లి టెంప్లేట్‌లో ఒక్కసారి రాశాను:
తోతాపురి టన్ను ఇంత, నీలం ఇంత, బేనీషా ఇంత.
పదకొండు పిల్లలూ మారుమాట లేకుండా
కొంగు పట్టుకుని నడిచాయి.

వారానికి మనసు మారింది.
మొక్కల పేజీ పక్కన నీళ్ల లెక్క ఉండల్ల,
తెగుళ్ల పేజీ పక్కన తేనెమంచు పురుగు బొమ్మ,
దారి పేజీ పక్కన పూతలపట్టు బస్సుల టైములు.
"అందరికీ ఒకే మాట చెప్పేది రేడియో గదా.
మనిషన్నోడు ఎదురుగా ఎవురున్నారో చూసి మాట్లాడతాడు."
నిజమే.
అద్దెకొచ్చే సుందరేశన్ ముందు నా పక్కన ఒక మాట,
కింద జిరాక్సు తీసే నూర్జహాన్ ముందు ఇంకో మాట.
ముఖం మాత్రం ఒకటే.

సరేనని తల్లి ఒంట్లో ఒక చోటు విడిచి
దానికి 'పక్క' అని పేరు పెట్టాను.
పిల్ల అదే పేరుతో పిలిస్తే
తల్లి ఆగుతుంది, పిల్ల మాట్లాడుతుంది.
ఇది చెబితే ఆయన నవ్వాడు.
"అంటు కట్టే పనే గదా!
అడుగున టెంక మొక్క ఒకటే,
పైన కొమ్మ ఎవురిది వాళ్లది."

ఒక రాత్రి నిద్రమత్తులో 'పక్క'ను 'పక' అని రాశాను.
యంత్రం కోప్పడలేదు.
తప్పని ఒక్క ఎర్రగీతైనా గీయలేదు.
నా నీళ్ల లెక్క ఎక్కడికి పోయిందో,
పాత రేటే చూపిస్తూ కూర్చుంది.
మూడు గంటలు.
ఒక్క ఒత్తు కోసం
ఇల్లంతా దులిపినట్టు కోడంతా దులిపాను.
తిట్టేవాళ్లే నయం అనిపించింది.

చివరికి గురప్ప పేజీ మిగిలింది.
నలభై ఏళ్లు ఆ తోటలో అంటు కట్టిన చెయ్యి.
పోయిన కార్తీకంలో పోయాడు.
ఫోటోలో పళ్ల మధ్య కట్టు నార,
చేతిలో మడతకత్తి,
చూపు కెమెరా మీద లేదు, కొమ్మ మీద ఉంది.
కింద చెంగల్రాయులు చెప్పగా నేను కొట్టిన నాలుగు వాక్యాలు.
కుడి పక్కన
తోతాపురి టన్ను ఇంత, నీలం ఇంత.

ఆయన ఫోన్లో చాలాసేపు మాట్లాడలేదు.
వెనక ఎవరో గంపలోకి కాయలు ఒంపుతున్న చప్పుడు.
"ఆడ ఏమీ వద్దు పాపా."

ఏమీ వద్దంటే
ఏమీ రాయకపోతే చాలనుకున్నాను.
ఆ చోటు ఊసెత్తకుండా పేజీ దాచి మళ్లీ తెరిచాను.
రేటు వచ్చి కూర్చునే ఉంది,
పిలవని ఇంటికి ముందే వచ్చిన చుట్టంలా.
మనం నోరు మెదపని చోటల్లా
అలవాటు మాటే నిండుతుంది కాబోలు,
అంగడి మాటే.

అందుకని రాశాను.
'పక్క' అని తెరిచి
లోపల ఒక్క అక్షరం పెట్టకుండా
'పక్క' అని మూశాను.
ఆ రెండు గుర్తుల నడుమ
కర్సరు కొట్టుకుంటూ నిలబడింది.
కింద మిషను ఆగి ఉంది.
ఫ్యాను తడబడలేదు.

పేజీ తెరిస్తే
గురప్ప చూపు కొమ్మ దాటి
తెల్లటి చోటు మీదుగా
తెర అంచు దాకా పోతోంది.

బిల్లులో దాన్ని ఏమని రాయాలో తోచలేదు.
పదకొండు పేజీలు, పది పట్టీలు అని రాశాను.
ఆయన పదకొండుకీ లెక్కగట్టి ఇచ్చాడు.